అండాలు వడియాలు, జంగయ్య ఏసీ

నకిరేకల్‌లో మెకానిక్ చోటే మియా ఆ ఎండాకాలం ఒక కారు ఏసీని ఎన్నిసార్లు విప్పాడో, ఎన్నిసార్లు బిగించాడో అతనికే గుర్తు లేదు. గ్యాసు చూశాడు, పైపులు చూశాడు, ఫ్యాను చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. కారు మాత్రం చల్లబడదు. చల్లబడదంటే అసలే చల్లబడదని కాదు. అత్తగారింట్లో అలిగిన కొత్త అల్లుడిలాగా చాలాసేపు బతిమాలించుకుని అప్పుడు చల్లబడుతుంది. దాని రోగమేమిటో తెలిసిన మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే ఉంది. ఆమె ఆ కారు యజమాని జంగయ్య భార్య అండాలు. ఆమె చెప్పదు. ఎందుకు చెబుతుందండీ? ఆ రోగం అంటించిందే ఆమె.

జంగయ్య ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. బతుకంతా ఎర్ర బస్సు తిప్పి, కిటికీలోంచి కొట్టే వడగాలిని ముఖాన భరించి, చేతికి పైసలు రాగానే ఏసీ ఉన్న తెల్ల కారు ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఇక చూడండి, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ఇంట్లో తాను తాగిన చాయ్ గ్లాసు పక్కకు జరపని మనిషి, పొద్దున్నే లేచి కారు టైర్లకు స్నానం చేయిస్తాడు. తడిబట్టతో ఒకసారి, పొడిబట్టతో ఇంకోసారి తుడుస్తాడు. కారులో తినొద్దు, తాగొద్దు, నూనె తలతో సీటుకు ఆనొద్దు, చెప్పులు దులిపి ఎక్కాలి. ఇన్ని షరతులు విన్నాక కూడా ఎక్కుదామన్న ఆశ ఎవరికైనా మిగిలితే వాళ్ళకు జాగా ఉండదు. సాయంత్రమైతే కారు నిండా రిటైరైన డ్రైవర్లే. అందరూ కలిసి హైవే మీది హోటల్‌కు పోయి, చాయ్ తాగి, ఏ డిపోలో ఏ మేనేజరుకు ఎవరు ఎదురుతిరిగారో చెప్పుకుని వస్తారు.

అండాలుకు ఆ కారును చూసే భాగ్యమే గాని ఎక్కే భాగ్యం లేదు. ఆమె చెల్లెలు పుల్లమ్మ పానగల్‌లో ఉంటుంది. గట్టిగా పోతే కారులో ముప్పావు గంట దారి కూడా కాదు.

"ఏమయ్యా, ఓపారి చెల్లె ఇంటికి పోయొద్దమా?" అని అడుగుతుంది.

"ఆడోళ్ళకు బస్సు ఫ్రీ జేసిండ్రు గదనే! ఆధార్ కార్డు సూపెట్టి దర్జాగ పో. ఊకె పెట్రోలెందుకు తగలబెట్టుడు?" అంటాడు జంగయ్య, కారు అద్దం మీద లేని మరకను చూసి తుడుస్తూ.

అండాలు ఆధార్ కార్డు జాకెట్లో దోపుకుని, కిక్కిరిసిన బస్సులో నిలబడే పోయి, నిలబడే వచ్చేది. కడుపులో మంట ఉండదా? ఉంటుంది. కానీ ఈ కథ ఆ మంటతో మొదలుకాలేదు, వడియాలతో మొదలైంది.

అండాలు చేతి వడియాలంటే అయినోళ్ళలో ఒక పేరుంది. గుమ్మడికాయ వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు. నూనెలో వేస్తే వేసినట్టే పువ్వులాగా పొంగాలి, నోట్లో పెడితే కరకర చప్పుడు పక్కింటికి వినిపించాలి. కిందటేడు డాబా మీద ఎండబోసి, పైన దోమతెర కప్పి, పక్కన కట్టె పట్టుకుని కూర్చుంది. మంచినీళ్ళకని లోపలికి పోయి వచ్చేసరికి కోతుల మంద దిగింది. తిన్నవి తిన్నాయి, తిననివి గోడలకు పూశాయి. ఒక పిల్లకోతి దోమతెర నెత్తిన వేసుకుని పెళ్ళికూతురులాగా పిట్టగోడ మీద నడిచింది. ఆ ఏడు పుల్లమ్మ ఇంట్లో దావత్‌కు అండాలు కొట్లో కొన్న వడియాలు వేయించి పట్టుకుపోయింది. పుల్లమ్మ ఒకటి కొరికి, నలుగురిలో, "అక్కా, ఇవి నీ చేతివి కావు గదనే," అన్నది. అండాలుకు తల కొట్టేసినట్టయింది. వచ్చే ఏడు ఎట్లయినా సరే, గంప నిండా తన చేతి వడియాలతోనే పానగల్ పోతానని అక్కడే ఒట్టు పెట్టుకుంది.

ఈ ఏడు ఎండలు ముదిరాయి. కోతులూ ముదిరాయి. జంగయ్య కారుకు కప్పిన గుడ్డను కూడా చింపి పోగులు పెట్టాయి. ఒకనాటి మధ్యాహ్నం అండాలు కారు ఊడ్వడానికి తలుపు తీసింది. ఊడ్చే పనికి మాత్రం ఆమెను కారు ఎక్కనిస్తాడు లెండి, మహానుభావుడు. తలుపు తీయగానే లోపలి వేడి భగ్గున ముఖాన కొట్టింది. అబ్బ, పొయ్యి కూడా ఇంత ఉడకదు! చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. చుట్టూ అద్దాలు. దుమ్ము రాదు. ఈగ వాలదు. కోతి చెయ్యి దూరదు. పైన నల్లగొండ ఎండ. ఇంతకంటే వడియాలకు ఏం కావాలి?

ఇంకేముంది. జంగయ్య అన్నం తిని నడుం వాలుస్తాడు. అతని గురక మొదలయ్యాక అండాలు పని మొదలవుతుంది. బియ్యం డబ్బాలో దాచిన మారుతాళం తీస్తుంది. సీట్ల మీద పాతచీర పరిచి, దాని మీద తట్టలు పేరుస్తుంది. ముందు అద్దం కింది పలక మీద మిరపకాయలు, వెనుక సీటు మీద గుమ్మడికాయ వడియాలు. కోతులు బానెట్ మీద కూర్చుని, అద్దానికి ముక్కులు ఆనించి, గుటకలు మింగేవి. అండాలు వాటి ముందు నిలబడి, ఒక వడియం తీసి చూపించి చూపించి తినేది. ఆ సుఖం ముందు ఏ సుఖమూ పనికిరాదు. జంగయ్య లేచేలోపు తట్టలన్నీ ఇంట్లో, సీట్లు తుడిచి, తాళం డబ్బాలో. వాసన సంగతంటారా, నలభై ఏండ్లు నశ్యం పీల్చిన ముక్కు అది. పక్కన పేడకుప్ప ఉన్నా పూలతోటే అనుకుంటుంది.

కష్టమల్లా ఆ సాయంత్రాల్లో వచ్చింది. తడి వడియాల ఆవిరి అంతా కారులోనే ఉండిపోయేది. జంగయ్య దోస్తులను ఎక్కించుకుని ఏసీ వేస్తే, అది ముందు ఆ ఆవిరిని పీల్చి, నీళ్ళు చేసి కిందికి కార్చి, అప్పుడు గాని చల్లగాలికి రాదు. ఆలోపు హోటల్ వచ్చేది. అందరి అంగీలూ తడిసి ముద్దయ్యేవి.

"జంగన్నా, నీ కారు ఎప్పుడు సల్లగైతదో జర చెప్పరాదు, దస్తీలు ఎన్ని తెచ్చుకోవాల్నో మాకు తెలుస్తది," అన్నాడొకడు.

"మన ఎర్ర బస్సే నయముండె. కిటికీలన్న ఉండె," అన్నాడు ఇంకొకడు.

బస్సు నయమన్న మాట జంగయ్య గుండెలో గునపంలా దిగింది. తెల్లారి కారును చోటే మియా షెడ్డులో పెట్టాడు.

చోటే మియా చెయ్యి మంచిదే గాని మాట ఇంకా మంచిది. కారును పేషెంటు అంటాడు. బానెట్ ఎత్తి, ఏసీ పైపులు రెండూ చేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా తలాడిస్తాడు. సన్న పైపు వేడిగా ఉంది, లావు పైపు చల్లగా ఉంది. ఉండాల్సినట్టే ఉన్నాయి. మీటర్లు బిగించి గ్యాసు చూశాడు, సరిగ్గా ఉంది. ముందున్న జాలీకి పత్తి పోగులు, దుమ్ము పట్టి ఉంటే నీళ్ళు కొట్టి కడిగాడు. ఏసీ వేస్తే క్షణాల్లో కారు మంచుగడ్డయింది. జంగయ్య మీసం మెలేసుకుంటూ ఇంటికి తెచ్చాడు. తెల్లారి మధ్యాహ్నం గురక పెట్టాడు. సాయంత్రానికి మళ్ళీ అదే రోగం.

ఫ్యాను మార్చారు. బెల్టు మార్చారు. షెడ్డులో బాగుండేది, ఇంటికి వస్తే చెడేది.

"అన్నా, నీ కారు పుట్టింట్ల నవ్వుతది, అత్తగారింట్ల ఏడుస్తది. లోపం కారుల లేదు, నీ ఇంట్ల ఉన్నది," అన్నాడు చోటే మియా.

జంగయ్యకు దిష్టి తగిలిందేమోనన్న అనుమానం వచ్చింది. బంపరుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టాడు. మిరపకాయలు తాడుకు గుచ్చి ఇచ్చింది అండాలే. బయట నాలుగు మిరపకాయలు, లోపల తట్టెడు మిరపకాయలు. ఆమెకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంది.

చివరికి ఒకనాటి సాయంత్రం చోటే మియా పేషెంటును ఇంట్లోనే చూడాలని వచ్చాడు. ఏసీ వేయించి, గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరాడు. పడుకున్నవాడు పడుకున్నట్టే అరిచాడు.

"అన్నా, గీ ఎండల గాలిల తడి ఏడుంటది? ఏసీ నీళ్ళు సుక్క సుక్క కారాలె. నీ కారుకు నల్లా ఇప్పినట్టు కారుతున్నయి! తడిని గుంజీ గుంజీ మిషిని పరేషానైతాంది. కారుల ఎవలన్న తడిబట్టలు ఆరేస్తున్నరా?"

జంగయ్యకు కోపం నషాళానికి అంటింది. "ఏం మాట్లాడుతున్నవ్ చోటే? నా కారుల తుమ్మాలన్నా నన్నడిగి తుమ్మాలె!"

చాయ్ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడ్డ అండాలును ఎవరూ ఏమీ అడగలేదు. అయినా ఆమె, "నేనైతే ఆ కారు దిక్కే సూడ!" అన్నది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. అందులోనూ ఆ రోజు ఎండినవి గుమ్మడికాయ వడియాలే.

చోటే మియా కారు కిందినుంచి బయటికి వచ్చి ఆమెను ఒకసారి చూశాడు. తర్వాత ముందు సీటు ఎదురుగా ఉన్న డబ్బా ఊడదీసి, దాని వెనుక ఉండే గాలి జల్లెడను బయటికి లాగాడు. దాని మీద తెల్లటి పిండి, మిరప గింజలు, నాలుగు జీలకర్ర పలుకులు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చల్ల, ఇంగువ, జీలకర్ర.

"వాసన సూడన్నా."

జంగయ్య చూశాడు. "నాకేం వస్తలేదు," అన్నాడు. గింజలను మాత్రం కళ్ళతో చూశాడు. చూసి తొడ చరిచాడు. "దొరికింది! ఎలుకలు! ఇంట్ల సామాన్లన్నీ తెచ్చి గిండ్ల దాసుకుంటున్నయి!"

"ఎలుకలేనయ్యా!" అన్నది అండాలు, పోయిన ప్రాణం లేచి వచ్చి. "మొన్న నేను కండ్లార సూసిన. పిల్లి అంత ఉన్నది!"

"అవునవును," అన్నాడు చోటే మియా మీసాల కింద నవ్వుకుంటూ. "ఆ ఎలుక మీ ఇంట్ల శానా ఏండ్ల సంది ఉన్నట్టున్నది వదినా."

అండాలు అతనికి ఇంకో గ్లాసు చాయ్ పోసింది. జంగయ్య ఎలుకల బోను వెతకడానికి లోపలికి పోగానే చోటే మియా గొంతు తగ్గించాడు. "వదినా, తట్టలు తీసినంక జరసేపు కారు తలుపులు తీసి పెట్టు. తడి గాలి పోతది, ఏసీ బాగైతది, అన్నకు తెల్వది. ఖుదా కసం, నేను చెప్ప." పోయేటప్పుడు అతని బండి సంచిలోకి చల్ల మిరపకాయల పొట్లం ఎట్లా చేరిందో ఆ అల్లాకే ఎరుక.

తెల్లారి అండాలు, జంగయ్య కారులో పెట్టిన ఎలుకల బోనును జాగ్రత్తగా పక్కకు జరపబోయింది. అది టక్కున ఆమె వేలిని పట్టింది. దొంగకు తేలు కుట్టినట్టయింది, అరవడానికి లేదు. పళ్ళ బిగువున వేలు లాక్కుని, తట్టలు ఎండబెట్టి, తీసి, చోటే మియా చెప్పినట్టే నాలుగు తలుపులూ బార్లా తెరిచి, వేలికి పసుపు రాసుకోవడానికి లోపలికి పోయింది.

తలుపులు తెరిస్తే తడిగాలి బయటికి పోతుంది, నిజమే. కానీ రోజూ అద్దం బయట గుటకలు మింగినవి లోపలికి వస్తాయన్న సంగతి చోటే మియా చెప్పలేదు.

బయ్‌మని హారన్ మోగింది. ఆగకుండా మోగింది. జంగయ్య లుంగీ సర్దుకుంటూ ఉరికొచ్చాడు. వీధి వీధంతా ఉరికొచ్చింది. డ్రైవర్ సీటులో పెద్ద మగకోతి ఒకటి దర్జాగా కూర్చుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద వేసి, దొరకని వడియాల కసి హారన్ మీద తీర్చుకుంటోంది. వెనుక సీటులో దాని బలగం. సీటు గుడ్డ చినిగింది. నిమ్మకాయ దండ దాని మెడలో ఉంది.

"జంగన్నా, కొత్త డ్రైవర్‌ను పెట్టుకున్నవా?" అని ఎవరో అరిచారు. వీధంతా పకపకా నవ్వింది.

ఆ నవ్వు జంగయ్య తట్టుకోలేకపోయాడు. కారు తలుపులు ఎవరు తీశారని అడగాలని కూడా తోచలేదు. ఎలుకలు, దిష్టి, ఇప్పుడు కోతులు. కోతులను తరిమి, అరుగు మీద కూలబడి, "గీ కారు నాకు అచ్చిరాలే. అమ్మేస్త!" అన్నాడు.

అండాలు వడియాలు ఇంకా సగం కూడా కాలేదు. కారు పోతే మళ్ళీ డాబా, మళ్ళీ కోతులు, మళ్ళీ కొట్లో పొట్లాలు, మళ్ళీ పుల్లమ్మ నలుగురిలో అనే మాట. పోనీ నిజం చెబుదామంటే, జంగయ్య తాళాలన్నీ మొలతాడుకు కట్టుకుంటాడు, ఆమెను కారు నీడను కూడా తొక్కనివ్వడు. చెప్పినా నష్టమే, చెప్పకున్నా నష్టమే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆలోచించి ఆలోచించి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. చెప్పదు. కారును పోనివ్వదు. కొనేవాడు తానే వద్దని పోవాలి.

హుజూర్‌నగర్ నుంచి ఐలేశం అనే మిరప వ్యాపారి భార్యతో సహా చూడటానికి వస్తానని కబురు పెట్టాడు. జంగయ్య పొద్దున్నుంచీ కారు కడిగాడు, చినిగిన సీటు కుట్టించాడు. మధ్యాహ్నం వాళ్ళను బస్టాండు నుంచి తేవడానికి ఆటో మాట్లాడుకుని పోయాడు. కారులో పోవచ్చు గదా అంటే, కడిగిన కారుకు దుమ్ము పడుతుందట!

ఆటో మలుపు తిరిగిందో లేదో, అండాలు మారుతాళం తీసింది. ఆ రోజు ఆమె పెట్టినవి మామూలు వడియాలు కాదు. అప్పటికప్పుడు కలిపిన పలుచని సగ్గుబియ్యం పిండి వడియాలు, చల్లలోంచి తీసి పిండని మిరపకాయలు, అవి చాలవన్నట్టు నీళ్ళలో ముంచిన బొంత ఒకటి. బొంతను వెనుక సీటు కింద దోపి తలుపులు బిగించింది. కారు లోపల చూస్తుండగానే ఆవిరి కమ్మింది. "ఇగ కొనుక్కోండ్రి బిడ్డా, ఎట్ల కొంటరో సూస్త," అనుకుంది. ఆటో చప్పుడు దూరాన వినబడగానే తట్టలు, బొంత అన్నీ ఎత్తి స్నానాలగదిలో కుక్కి, ముఖం కడుక్కుని, కుంకుమ దిద్దుకుని, పతివ్రతలాగా గుమ్మంలో నిలబడింది.

ఐలేశం బక్కమనిషి, మాట తక్కువ. భార్య హనుమమ్మ నిండు మనిషి, చూపు ఎక్కువ. జంగయ్య ఇద్దరినీ కారులో కూర్చోబెట్టి, బండి తాళం తిప్పి, "సూడుండ్రి ఇగ కూలింగు!" అని ఏసీ వేశాడు.

ఏసీ గాలి రంధ్రాల్లోంచి తెల్లటి పొగ భుస్సున వచ్చింది. తడిగాలికి చల్లదనం తగిలితే అట్లాగే వస్తుంది. జంగయ్యకు అది తెలియదు, నిప్పంటుకుందనుకుని సగం సీటులోంచి లేచాడు. కారు కింద నీళ్ళు ధార కట్టాయి. లోపల మాత్రం అదే ఉక్క. కాసేపటికే ఐలేశం చెమటలు కక్కుతూ బయటపడ్డాడు.

"ఇది కారానే, ఇడ్లీలు ఉడకబెట్టే గిన్నెనా?" అన్నాడు.

గుమ్మంలో అండాలు మనసు గంతులేసింది. జంగయ్య ముఖం మాడిపోయింది. అది చూసి ఒక్క క్షణం పాపమనిపించింది గాని, వడియాలు గుర్తొచ్చి మనసు గట్టి చేసుకుంది.

హనుమమ్మ మాత్రం దిగలేదు. వెనుక సీటులో కదలకుండా కూర్చుని ముక్కు ఎగబీలుస్తోంది. చేత్తో సీటు తడిమింది. సందులో వేళ్ళు పెట్టి ఏదో పైకి తీసింది. కిందటి వారపు గుమ్మడికాయ వడియం. అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో వేసుకుని, కరకర నమిలి, అప్పుడు దిగింది. తిన్నగా అండాలు దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, కోతులా?" అన్నది చెవిలో.

అండాలు తల ఊపింది.

"మా ఇంటికాడ గూడ కోతులే. రెండేండ్ల సంది నా నోట్లె ఒడియం పడలే. గీ ఉపాయం నాకు తట్టకపాయె! ఎన్ని రోజులకు ఎండుతున్నయి?"

అండాలు అక్కడ నోరు మూసుకోవాలి. మూసుకుందా? తన పనితనం అడిగిన మొదటి మనిషి ఆమె. ఇన్నాళ్ళు కోతులకు తప్ప ఎవరికీ చెప్పుకోలేని గొప్ప అది. "రోజులా? ఒక్క పూటల ఎండుతయి చెల్లె! గలగలమంటయి. గిట్లాంటి ఎండుడు నీకు డాబా మీద యాడ దొరుకుతది?" అనేసింది.

హనుమమ్మ వెనక్కి తిరిగింది. "ఏమయ్యా, గీ కారే కావాలె!" అన్నది.

"సల్లగైతలేదు గదనే!" అన్నాడు ఐలేశం.

"మనకు సల్లగెందుకయ్యా? గీ కారే. బయానా ఇయ్యి."

ఐలేశం ఇంట్లో ఎవరి మాట నడుస్తుందో అందరికీ అర్థమైంది. అతను జేబులో చెయ్యి పెట్టాడు. జంగయ్య నమ్మలేక నమ్మలేక చెయ్యి చాపాడు. తాను తవ్విన గోతిలో తానే పడ్డ అండాలు ఒక్క ఉరుకున వచ్చి మొగుని చెయ్యి పట్టుకుంది.

"తీసుకోకు! కారు ఖరాబు కాలే! ఏసీకి ఏం రోగం లేదు!"

"నీకేం ఎర్క? జరుగు!"

"నాకే ఎర్క! ఎలుక లేదు, దిష్టి లేదు. నేనే! నువ్వు పండినంక రోజూ నేనే ఒడియాలు ఎండవెడుతున్న కారుల. ఆ తడికి సల్లగైతలేదు. కావాల్నంటే స్నానాలగదిల సూసుకో!"

జంగయ్య పోయి చూశాడు. తట్టలు, మిరపకాయలు, నీళ్ళు కారుతున్న బొంత. తిరిగి వచ్చేసరికి అతని ముఖం కందగడ్డలాగా ఉంది.

"నా కారుల మిర్పకాయలా? నా సీట్ల మీద సల్లనా? దేవునోలె సూసుకున్న కారు! దోస్తుల ముంగట నా ఇజ్జత్ పాయె, బజార్ల కోతి నా సీట్ల కూసునె! నీకు మనసెట్లొచ్చిందే? నీకేం తక్కువ జేసిన?"

అండాలు అప్పటిదాకా తల వంచుకునే ఉంది. ఆ చివరి మాటకు తలెత్తింది.

"ఏం తక్కువ జేసినవో చెప్పాల్నా? గా కారు కొన్ననాడు కొబ్బరికాయ కొట్టింది నేను. రోజూ ఊడ్చేది నేను. నేనెక్కి యాడికన్న పోయిన్నా? ఏండ్ల సంది ఆ బస్సుల కడ్డీ పట్టుకోని నిలవడి పోతున్న, డ్రైవర్ పెండ్లాన్ని. నీ కారుల నాకంటె నా ఒడియాలే ఎక్కువ దినాలు కూసున్నయి."

ఐలేశం జేబులోంచి చెయ్యి వట్టిగానే బయటికి తీశాడు. హనుమమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "నడువయ్యా. గీ కారు మనకు రాదు," అన్నది. పోతూ పోతూ అండాలు భుజం తట్టింది. "నువ్వు గూడ ఒకటి కొను, సూద్దాం," అని మొగునికి చెబుతున్న మాట మలుపు దాకా వినిపించింది.

జంగయ్య కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు తీశాడు, వేశాడు. అండాలు గడప మీద కూర్చుని, తాళాలు ఎప్పుడు అడుగుతాడా అని ఎదురుచూస్తోంది. అతను స్నానాలగదిలోకి పోయాడు. తట్టలు రెండు చేతులా ఎత్తుకుని బయటికి వచ్చాడు. మోరీలో పారబోస్తాడని ఆమె కళ్ళు మూసుకుంది. కారు వెనుక తలుపు చప్పుడైంది. కళ్ళు తెరిచి చూస్తే, సీటు మీద తట్టను పెట్టి, అది జారకుండా కింద తన తువ్వాలు మడిచి దోపుతున్నాడు.

"ఏం జేస్తున్నవయ్యా?"

"కనవడ్తలేదా? ఎక్కు."

"యాడికి?"

"మీ చెల్లె ఇంటికి. పానగల్‌కు."

"ఎందుకు తీ, నాకు బస్సు ఫ్రీ గదా," అన్నది అండాలు. మూతి మూడు వంకర్లు తిప్పింది గాని, అప్పటికే లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

"నోరు మూసుకోని ఎక్కుతవా లేదా?"

ఎక్కింది. ముందు సీటులో. చెప్పులు దులపలేదు, అతనూ అడగలేదు. కారు ఊరు దాటింది. ఏసీ భుసభుసమని తడి ఆవిరిని ఊదుతోంది. జంగయ్య అంగీ వీపుకు అతుక్కుపోయింది, చెమట కనుబొమల మీదుగా కళ్ళలోకి దిగుతోంది. వెనుక మిరపకాయల ఘాటు రేగి ఆ నశ్యం ముక్కు కూడా తుమ్మింది, అతను ఎవరినీ అడగకుండానే. ఇక తట్టుకోలేక కిటికీ మీట మీద వేలు పెట్టాడు.

"అద్దం దించకు! దుమ్ము పడ్తది ఒడియాల మీద!" అని అరిచింది అండాలు.

బతుకంతా బస్సు నడిపి, ఆపమన్న చోట ఒక్క ప్యాసింజరు మాట కూడా వినని జంగయ్య, కిక్కురుమనకుండా మీట మీది నుంచి వేలు తీసేశాడు.